పిన్ని చూపించిన వెండి పోగులు

పోయిన మంగళవారం మిడిల్ పాయింట్ బజారు‌లో మా బట్టల షాపు షట్టర్ తీస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. "పిన్ని వెళ్లిపోయిందే" అంది, అంతే. గుండె జబ్బని తెలుసు గానీ ఇంత త్వరగా అనుకోలేదు. పిన్ని ఉండే ప్రోతరాపూర్ బస్సెక్కాక గానీ నాకు ఏడుపు రాలేదు.

పిన్ని శాస్త్రవేత్త. సూక్ష్మజీవుల ఒంటిమీద చక్కెరలుంటాయట. వాటి అమరికను బట్టి మన రక్తంలోని ప్రొటీన్లు శత్రువును గుర్తుపడతాయట. అదే ఆమె పరిశోధన. నాకది సగమే అర్థమైందని మీకు చెప్పడానికి సిగ్గుపడను. టీలో మాత్రం పంచదార వేసుకునేది కాదు. "రోజంతా దాంతోనే కదా, మొహం మొత్తేసుంటుంది" అని అమ్మ నవ్వేది. "తీపి నాలుక్కే కాదక్కా, నెత్తురిక్కూడా తెలుసు" అనేది పిన్ని.

మా నాన్నకు ఆ చదువంటే పెద్ద లెక్క లేదు. మా దీవుల్లో ఉత్తరాన ఉన్న మాయాబందర్‌లో పొలం ఆయనది. "కంటికి కనపడని పురుగు కోసం ఇన్నేళ్లేటి?" అనేవాడు. ఒక వర్షాకాలం, నాట్లు వేయించి వచ్చాక జ్వరం పట్టుకుంది. పిక్కలు పట్టేశాయి, కళ్లు ఎర్రబడ్డాయి, ఆపైన పచ్చబడ్డాయి. ఆ మాట ఫోన్లో వింటూనే పిన్ని, "ఎలుకల జ్వరంలా ఉందక్కా! ఆగొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లు" అని కేకలేసింది.

నాన్న బతికాడు. కానీ భయం మిగిలిపోయింది. ఆ జ్వరం పురుగు ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో ఉంటుందట. నీళ్ల గుంట కనిపిస్తే చాలు, చుట్టూ తిరిగి వెళ్లేవాడు. పొలంలో ఇక కాలు పెట్టనన్నాడు.

పిన్ని వాదించలేదు. ఆయన కోలుకున్నాక కొంచెం రక్తం అడిగి తీసుకుంది. కొన్నాళ్లకు నాన్ననూ నన్నూ తన ల్యాబ్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. నల్లటి చీకట్లో సన్నని వెండి పోగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇయ్యేనేటి నన్ను సంపేద్దామనుకున్నయ్యి?"

"ఇవే బావా. ఇప్పుడు ఇటు చూడు. వీటిలో నీ నెత్తురు తేట ఒక చుక్క కలిపాను."

ఈసారి పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు ముద్దలుగా ఉన్నాయి.

"వాటి ఒంటిమీది చక్కెర నీ నెత్తురికి గుర్తుండిపోయింది. ఎలా పట్టేసుకుందో చూడు. భయం నీకే బావా, నీ నెత్తురికి లేదు."

నాన్న చాలాసేపు కన్ను తీయలేదు. "అరే వాహ్" అన్నాడు చివరికి.

మరుసటేడు గమ్‌బూట్లు వేసుకుని పొలంలోకి దిగాడు. పరిశోధన కోసం రక్తం ఇవ్వడానికి ఊళ్లోవాళ్లు వెనకాడితే, తనే ముందు చొక్కా చేయి మడిచేవాడు. "దేఖో భయ్యా, ఏటీ కాదు. మా మరదలు మీకూ సూపిస్తాది" అనేవాడు.

ఆ చక్కెరల సంగతి పిన్ని కొంతవరకే తేల్చగలిగింది. వాటి ఆధారంగా టీకా రావాలన్న కోరిక తీరలేదు. బాధగా లేదా అని ఒకసారి అడిగాను. "ఉండదా మరి?" అని, నా ప్లేట్లో ఇంకో చేపముక్క వేసింది.

దహనమైన మర్నాడు ఆమె సామాను తెచ్చుకుందామని నాన్నా నేనూ ల్యాబ్‌కి వెళ్లాం. పిన్ని దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి అప్పటికే పనిలో ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. "వీటిని కొత్త ట్యూబుల్లోకి మార్చాలి దీదీ. లేకపోతే మేడమ్ పెంచినవి చచ్చిపోతాయి" అంది.

పనయ్యాక, మూత బిగించిన ఒక పాత ట్యూబును కిటికీ వెలుతురులో పట్టుకుని నాన్నకు చూపించింది. జెల్లీలాంటి తేట ద్రవంలో, పైఅంచుకి కాస్త కిందుగా, ఆ పురుగులన్నీ చేరిన చోట, ఊపిరి తగిలి మసకబారినట్టు పల్చటి తెల్లని వలయం.

"బతికే ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి అంకుల్."

ఆ అమ్మాయి ట్యూబును కొంచెం వంచి నాన్న కళ్లకు ఇంకాస్త దగ్గరగా జరిపింది. వలయం మాత్రం చెదరలేదు.