ఆయన కొట్టేసిన వరుస

నిన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి స్క్రీన్ మీది పసుపు గీత చూపించి, "వార్నింగే కదా మేడం, ఎర్రర్ కాదు" అన్నది. ఒళ్లు మండింది. పాపం, ఆ పిల్ల మీద కాదు. ముప్పై ఏళ్ల కింద నల్లగొండలో ఒక పెద్దమనిషి ఇట్లాగే అన్నాడు, ఆ మంట ఇంకా ఆరలేదు.

ఆయన నేను సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న కంప్యూటర్ సెంటర్ యజమాని. రెండు కంప్యూటర్లు, కూలర్ గాలి వాటికి, చెమట మాకు. చెప్పులు బయట విప్పి, చేతులు కడుక్కుని లోపలికి పోవాలి. మెషిన్‌కు అంత మర్యాద చేసే మనిషి అది చెప్పే మాట మాత్రం వినేవాడు కాదు. బోరింగు నీళ్లలో పిల్లల పళ్లను గారపట్టించే ఫ్లోరైడ్ ఎంతుందో లెక్కగట్టే పని సర్కారు ఆఫీసు నుంచి ఆయనకు దొరికింది. అంకె ఇస్తే నీళ్లు మంచివో కావో చెప్పే ఫంక్షన్ నేను వేరే ఫైల్లో రాశాను; ఒకటిన్నర దాటితే చెడ్డవే. అది దశాంశ సంఖ్యనే, అంటే డబుల్‌నే తీసుకుంటుంది. ఆ సంగతి, మనం రాసింది మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్‌కు ముందే చెప్పే ప్రోటోటైప్ ఒక వరుస పైన పెట్టాను. ఆయన కొట్టేశాడు. వార్నింగ్ వచ్చింది.

"సార్, అది ఉండాలె" అన్నాను.

"నడుస్తాంది గదా! గా లొల్లి నీకెందుకమ్మా?" అని వార్నింగులనే బంద్ చేశాడు.

నడిచింది, నిజమే. 4.5 లాంటివి ప్రోటోటైప్ లేకున్నా డబుల్‌గానే పోతాయి. కానీ ప్రోగ్రాములో ఒక్కో బోరింగుకు ఒక్కో వరుస టైపు చేసేటప్పుడు మర్రిగూడ దిక్కు బోరింగులవి ఉత్త 4, 5 అని టైపు చేశారు. చుక్క లేని అంకె ఇంట్‌గా, అంటే పూర్ణ సంఖ్యగా పోతుంది. దాన్ని డబుల్ అనుకుని చదివిన ఫంక్షన్‌కు ఒకటిన్నర లోపలి ఏదో చెత్త అంకె చిక్కింది. కాగితం మీద "మంచి నీళ్లు" అని పడింది. ఎర్ర రంగు వేసి మూసేయాల్సిన బోరింగులను వదిలేశారు. మా మేనత్త ఇంటి ముందరిది అందులో ఒకటి.

"కంప్యూటరే మంచియని చెప్పిందంట బిడ్డా, ఇగ ఫికర్ లేదు. పిల్లకు గవే తాపుతున్న" అన్నది అత్త, మా ఇంటికొచ్చి సంబరంగా. సెంటర్‌కు ఉరికి, ఆ వరుస మళ్లీ పెట్టి, కొత్త కాగితం తీసి ఆయన ముందర పెట్టాను.

"ఇచ్చిన కాగితం మారిస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?" అని చింపేశాడు, సిగ్గులేని మనిషి! అత్తకు చెప్తే, "సర్కారు కాగితం కంటె నీకెక్కువ ఎరుకనా?" అన్నది. నేనైనా ఇంకో కాగితం తీసి ఆ సర్కారు ఆఫీసుకే పోవాల్సింది. పోలేదు. నా మీద నాకున్న కోపం అదే.

నిన్న ఆ వార్నింగ్ పోయేదాకా ఆ అమ్మాయిని ఇంటికి పోనివ్వలేదు. తిట్టుకునే ఉంటుంది, తిట్టుకోనీ. ఆ వరుస తిరిగి రాయడానికి నాకు నిమిషం పట్టలేదు. బోరింగు మీద ఎర్ర రంగు పడడానికి రెండేళ్లు పట్టింది. అత్త కూతురు ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది.