పెద్దసారు అడిగిన మాట

ఆదివారం ఉదయం ఆరింటికి మహబూబ్‌నగర్ బస్టాండులో రాయచూరు బస్సెక్కాను. నేను పుట్టి పెరిగింది రాయచూరులోనే. పెళ్ళయి మహబూబ్‌నగర్ వచ్చేశాక శుభకార్యాలకూ చావులకూ తప్ప ఆ ఊరికి వెళ్ళింది లేదు. ఈసారి వెళ్ళింది ఒక మనిషిని చూడటానికి, వీలైతే ఆయన గొంతు మరొక్కసారి వినటానికి.

పెళ్ళికి ముందు ఏడేళ్ళు నేను ఒక ఎమ్మెల్యేగారి దగ్గర టైపిస్టుగా పనిచేశాను. ఆయన వృత్తికి వకీలు. ఊళ్ళో అందరూ పెద్దసారు అనేవారు. ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ ఉపన్యాసం చెబుతుంటే నేను టైపు కొట్టేదాన్ని. ఓటు వేయడంతో జనం పని మొదలవుతుందే తప్ప అయిపోదనేవారు. ఒకరి ముందు ఇంకొకరు చేతులు కట్టుకుని నిలబడే ఊళ్ళో ఎన్ని ఎన్నికలు జరిగినా ప్రజాస్వామ్యం రానట్టేననేవారు. అర్జీ పట్టుకుని ఎవరు ముందొస్తే వాళ్ళనే ముందు పిలవాలి. రైసుమిల్లు యజమాని అయినా సరే, కూలిమనిషి వెనక బెంచీ మీద కూర్చోవాల్సిందే. రెండుసార్లు వరుసగా ఓడిపోయాక ఆయన రాజకీయాలు మానుకున్నారు. ఇన్నేళ్ళలో టీవీలో నాయకుల అరుపులు విన్నప్పుడల్లా ఆ నెమ్మది గొంతు కోసం నాకు ప్రాణం కొట్టుకునేది.

ఇప్పుడే వెళ్ళటానికి ఒక కారణం ఉంది. మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది. పార్టీవాళ్ళు ఇంటికొచ్చి నన్ను నామినేషన్ వేయమన్నారు. "నువ్వు సంతకాలు పెడితే చాలు వదినా, తిరుగుడంత నేను చూసుకుంట" అన్నాడు మా మరిది. పెద్దసారు ఏమంటారో వినాలనిపించింది. తొంభైకి దగ్గరపడ్డ ఆయన మస్కిలో కూతురి దగ్గర ఉంటున్నారని పాత స్నేహితురాలు చెబితే, ఆ కూతురికి ఫోను చేసి బయల్దేరాను.

మక్తల్లో బస్సు పది నిమిషాలు ఆగింది. టీ బాగానే ఉంది. కృష్ణ వంతెన దాటితే కర్ణాటక. యరమరస్ దగ్గర కొత్త కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. నేనున్న రోజుల్లో అటు చూస్తే జొన్నచేలే. తొమ్మిదింటికి రాయచూరులో దిగి, బస్టాండు ఎదురు హోటల్లో ఒక ప్లేటు సుశీల తిన్నాను. బొరుగులు తడిపి, ఉల్లిపాయా పల్లీలూ వేసి చేసే ఉప్మా అది. ఆ రుచి మారలేదు.

తొమ్మిదిన్నరకు మస్కి బస్సు. కుడివైపు కూర్చుంటే పొద్దుటిపూట ఎండ తగలదు. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, కర్ణాటక ఆడవాళ్ళకే ఉచితమని చెప్పి టిక్కెట్టు కొట్టాడు. నా పక్కనున్నావిడకు మాత్రం సున్నా టిక్కెట్టు ఇచ్చాడు. ఆవిడ వాళ్ళది గోదావరి జిల్లా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించే కుటుంబం.

"ముప్పయ్యేళ్ళయిందండీ వచ్చి, కార్డూ ఇక్కడిదే" అంది. "ఇదివరకు మా అమ్మాయి దగ్గరికెళ్ళాలంటే మా ఆయన్నడిగి, ఆయన సరేనంటేనే కదలడం. ఇప్పుడు చెప్పేసి వచ్చేత్తన్నానండి."

సిరవార దాకా అవే కబుర్లు. మస్కిలో దిగేసరికి పన్నెండు దాటింది. కొండ మీది పాత శాసనం చూడటానికి చాలామంది వస్తారట. నాకు అంత తీరిక లేదు. ఆటో ఎక్కి నేరుగా సారు ఇంటికి వెళ్ళాను.

సారు కూతురు సర్కారు బడిలో టీచరు. "లోపలికి రా అక్కా. జరంత గట్టిగ మాట్లాడు, నాయినకు ఎడమ చెవే ఇనొస్తది" అంది. ఆయన కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. ఆ నిలువెత్తు మనిషి పిడికెడంత అయిపోయారు. కళ్ళు చికిలించి చూశారు.

"సుగుణవా?"

ఆ గొంతు అదే.

"గోడకెందుకు నిలబడ్డవ్? కుర్చీ ఉన్నది కద, కూసో."

పాత అలవాటు. ఆయన ముందు నేనెప్పుడూ చెప్పందే కూర్చోలేదు. కూర్చుని వార్డు సంగతీ మరిది సంగతీ ఎడమ చెవి దగ్గర చెప్పాను. బ్యాగులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాను.

"రాసుకోకు" అన్నారు. "నా దగ్గర ఎన్నేండ్లు చేసినవ్?"

"ఏడేండ్లు సార్."

"ఏడేండ్లు సమానత్వం, సమానత్వం అని నీతోని టైపు కొట్టించిన. నీకేమనిపిస్తదని ఒక్కపారన్న అడిగిన్నా?"

అడగలేదు. ఆయన నన్ను అడగాలని నాకూ ఎప్పుడూ తోచలేదు.

"మా ఇంట్ల గూడ గట్లనే. పొలం జీతగాండ్లకు మా అమ్మ బయట చాయకు వేరే గిలాసలు పెడుతుండె. సభల గంటసేపు మాట్లాడి ఇంటికొచ్చి, ఆ గిలాసలు దాటుకుంట లోపలికి పోయేటోన్ని. అమ్మ పోయేదాంక నోరు తెరవలే."

"ఈ మాట నాకు గూడ ఎన్నడు చెప్పలే" అంది కూతురు మెల్లగా.

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు గుండెలో దాచుకున్న మనిషిని ఆయనే నా చేతుల్లోంచి లాక్కుంటున్నట్టు అనిపించింది. కానీ ఆయన ఎడమ చెవి నా వైపు తిప్పి, కదలకుండా కూర్చున్నారు.

"ఇప్పుడు అడుగుతున్న. నీ మనసుల ఏమున్నది?"

పుస్తకం మూసి మొదలుపెట్టాను. మా వీధి మురికి కాలువ గురించి, నీళ్ళ కోసం నల్లా దగ్గర తెల్లవారకముందే నిలబడే ఆడవాళ్ళ గురించి, వాళ్ళు మున్సిపల్ ఆఫీసుకు పోతే కుర్చీ కూడా చూపించని గుమాస్తాల గురించి చెప్పాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. "నిలబడాలనే ఉంది సార్. సంతకం నాది, మాట మా మరిదిది అయితే మాత్రం వద్దు" అన్నాను.

"గదే ఇంట్ల చెప్పు" అన్నారు. "సభల చెప్పుడు సులువు."

అంతకు మించి సలహా ఏమీ ఇవ్వలేదు. జొన్నరొట్టె, గుత్తివంకాయ తిన్నాం. వచ్చేసేటప్పుడు చేయి పట్టుకుని, "మళ్ళ వచ్చేదుంటే జల్ది రా" అని నవ్వారు. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

రెండున్నరకు మస్కి నుంచి బస్సు దొరికింది. రాయచూరులో అయిదూ పదిహేనుకు మహబూబ్‌నగర్ బస్సు సిద్ధంగా ఉంది. అటు వెళ్ళేవారు ఉదయమే బయల్దేరితే ఒక్కరోజులో తిరిగి రావచ్చు. నేను మాత్రం ఒక్కరోజులో తిరిగి వచ్చినట్టు అనిపించలేదు. ఏడేళ్ళూ కళ్ళ ముందు మళ్ళీ నడిచాయి. అప్పుడు ఒక్కసారి ఆయన ఈ మాట అడిగి ఉంటే బాగుండేదని, ఇంకాస్త ముందే నేను వెళ్ళి ఉంటే బాగుండేదని దారంతా అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ బెంగగా ఉంది.

మక్తల్ దాటాక మా ఆయన ఫోను చేశాడు.

"ఏమన్నడు మీ సారు?"

"ఆయన ఏమనలే. నేనే చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

బస్సు నిండా జనం. అయినా సారుకు చెప్పిన మాటే, అంతే గట్టిగా చెప్పాను.

"తమ్మునికి నేను చెప్పాల్నా?" అన్నాడు.

"వద్దు. నేనే చెప్త."

"సరే. నేను బస్టాండుకొస్త" అన్నాడు.