చెల్లెలి పరుగు, నా ప్రార్థన మనవి

మా చెల్లెలు పరుగు సంగతి ఎత్తినప్పుడు నేను జమ్మలమడుగు నుంచి వచ్చే సాయంత్రం బస్సులో నిలబడి ఉన్నాను. నేను ఉండేది ప్రొద్దుటూరులో, పాఠాలు చెప్పేది జమ్మలమడుగులో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. సాయంత్రం సీటు దొరికితే ఆ రోజు దేవుడు నన్ను ప్రత్యేకంగా తలచుకున్నాడని అనుకుంటాను. ఆ రోజు తలచుకోలేదు. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నాను.

"అక్కా, వచ్చే నెల బెంగళూరులో రన్ ఉండాది. ఐదు కిలోమీటర్లు. అందరూ ఆడోళ్లే. నేను పేరిచ్చినా."

"దేనికి?"

"దేనికేంది? పరిగెత్తనీకి."

చెల్లెలు పులివెందులలో నర్సు. మరిది కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు. చెల్లెలికి షుగర్ వచ్చిందని తెలిశాక ఆసుపత్రిలో డాక్టరే నడవమన్నాడు. నడిచింది. ఆ నడక ఎప్పుడు పరుగుగా మారిందో దానికే తెలియదు. పొద్దున్నే చున్నీ నడుముకు బిగించి, పిల్లవాడి పాత బూట్లు వేసుకుని గ్రౌండు చుట్టూ తిరిగి వస్తుంది. తర్వాత వంట, డ్యూటీ. ఆ కాసేపు తనను ఎవరూ ఏదీ అడగరని ఒకసారి నాతో అంది.

"అయితే నువ్వు రావాల అక్కా. మా అత్త ఒక్కదాన్నే పంపదు. 'మీ అక్క ప్రార్థనాపరురాలు, ఆమె ఎంట ఉంటే పో, లేకుంటే లేదు' అనింది."

నా భక్తి ఒకరికి జామీనుగా పనికొస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఏ రోజు?"

"ఆదివారం."

"ఏమ్మే, ఏ ఆదివారం?"

"మొదటి ఆదివారం," అంది మెల్లగా.

మా చర్చి సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ఆ రొట్టె చేసేది నేను. శనివారం సాయంత్రం ఉప్పు వేయకుండా, పులియనివ్వకుండా పిండి కలిపి, పలుచగా ఒత్తి కాలుస్తాను. నల్ల ద్రాక్ష ఉడికించి వడకడతాను. వేలెడంత గ్లాసులు కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లిస్తాను. ఈ పని నాకు ఎవరూ రాసివ్వలేదు. ఒకసారి చేశాను, ఆ తర్వాత అది నాదైపోయింది. జ్వరమొచ్చినా చేశాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం రొట్టె, ఆదివారం పొద్దున పిల్లల బడి, ఆరాధన, ఆ తర్వాత గ్లాసులు. సోమవారం మళ్లీ జమ్మలమడుగు బస్సు. దేవుడు ఆరు దినాలు పనిచేసి ఏడో దినాన విశ్రమించాడని పిల్లలకు బొమ్మలు చూపించి చెప్పేది నేనే. చెబుతూ చెబుతూ ఆవలింత ఆపుకునేదీ నేనే.

"చూద్దాంలే," అన్నాను.

"చూద్దామంటే రానని కదక్కా."

"ప్రార్థన చేసి చెప్తా."

"అదీ రానని చెప్పడమే," అని ఫోను పెట్టేసింది.

అయినా అది ఆశ వదల్లేదు. సెలవు దొరికిన రోజు బూట్ల కోసమని ప్రొద్దుటూరు వచ్చింది. మా ఊళ్లో బంగారం కావాలంటే వీధులకు వీధులున్నాయి. చీరలకు కొదవ లేదు. ఆడమనిషి పరిగెత్తే బూట్లకు మాత్రం మూడు అంగళ్లు తిరిగి, చివరికి బడిపిల్లల బూట్లు అమ్మే తెలిసిన సాయిబు అంగట్లో కూర్చున్నాం.

"పరిగెత్తేటివా? ఎవురికి టీచరమ్మా, పాపకా?"

"నాకే మామా, బెంగళూరులో పరిగెత్తనీకి," అంది చెల్లెలు.

ఆయన దాన్ని పైనుంచి కిందికి చూశాడు. నవ్వలేదు. లోపలికి పోయి మగవాళ్ల బూట్లలో చిన్న నంబరువి తెచ్చాడు. ముందు భాగంలో ఇంకో వేలు పట్టేంత సందు మిగిలింది.

"ఇవి నీకు పడవు తల్లీ. ఎట్లాగూ బెంగళూరు పోతాండారు కదా, ఆడ అంగట్లోనే ఏసుకుని పరిగెత్తి చూసి తీసుకోమంటారంట. ఈడ పరిగెత్తితే నా అంగడి దాటి ఆ చెనక్కాయల మూటల్లో పడతావు."

దాంతో దాని ప్రయాణం ప్లాను పూర్తయింది. శనివారం పగలు బస్సు. సాయంత్రం పెద్ద అంగట్లో బూట్లు, చెమట ఆరిపోయే బట్ట చొక్కా, పొడవు ప్యాంటు. ప్యాంటు బిగువుగా ఉంటుందని అత్తకు అనుమానం కాబట్టి, మోకాళ్లు దాటే టాపు కూడా. ఆదివారం పొద్దున పరుగు, మధ్యాహ్నం తిరుగు బస్సు. ఇదంతా అంగడి మెట్ల మీద నిలబడి చెబుతున్నప్పుడు దాని ముఖం చూశాను. పెళ్లి చీరలు కొన్నప్పుడు కూడా అంత వెలుగు లేదు. నాకు మాత్రం ఆ ప్లానులో బస్సులే కనిపించాయి.

ఆ శుక్రవారం నేను చేయకూడని పని చేశాను. మా ఉపవాస ప్రార్థనలో ఒక ఆచారముంది. చివర్లో ఒక్కొక్కరు లేచి ప్రార్థన మనవి చెప్పాలి. అందరూ కలిసి ప్రార్థిస్తారు. మనవి ఇచ్చినవాళ్లు పని జరిగాక సాక్ష్యం చెప్పి తీరాలి. చెప్పకపోతే దేవుని మేలు దాచిపెట్టినట్టే. నా వంతు వచ్చినప్పుడు, "ఒక ప్రయాణం ఉంది, దేవుని చిత్తం తెలియాలని ప్రార్థించండి," అని కూర్చోబోయాను.

"యాడికి అక్కా?" అని పాస్టరమ్మ అడిగింది.

"బెంగళూరు."

"ఆసుపత్రికా?"

అబద్ధం చెప్పలేను, అందులోనూ ఉపవాసంతో. "చెల్లెలు పరుగులో పాల్గొంటోంది. తోడు పోవాలి. మొదటి ఆదివారం."

మా గుడిలో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే పెద్దమ్మ ముసుగు సర్దుకుంటూ వెనక్కి తిరిగింది. "ఎవురు తరుముకుంటాండారంట మే ఆ పిల్లను?"

అందరూ నవ్వారు. పాస్టరు గారు నవ్వాపుకుని కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, నీ చిత్తమైతే దారి తెరువు. కాకపోతే ప్రతి తలుపూ మూసివెయ్యి," అని గట్టిగా ప్రార్థించారు. "ఆమెన్" అన్నవాళ్లలో నా గొంతే పెద్దది. అలసిన మనిషికి మూసిన తలుపు ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

ఆ వారమంతా తలుపులు మూసుకుంటూనే పోయాయి. కదిరి మీదుగా బెంగళూరు పోయే పగటి బస్సులో సీట్లు నిండిపోయాయి. చెల్లెలి అత్తకు జ్వరం తగిలింది. మా బడిలో శనివారం మీటింగు ఉండవచ్చని చెప్పారు. ఒక్కొక్కటి విన్నప్పుడల్లా లోపల ఒక మూట దించినట్టయింది. మంగళవారం ఫోను చేశాను.

"చూడు మే, దేవుడు దారులన్నీ మూసేస్తాన్నాడు. ఇది ఆయన చిత్తం కాదు."

"నేనూ ప్రార్థన చేసినా అక్కా. తెరువమని. ఇప్పుడు మనిద్దరి మధ్యలో ఆయన యాడ పోవాల?"

"ఎగతాళి వద్దు."

"ఎగతాళి కాదు." గొంతు మారింది. "నర్సు పని మీరంటే చేరినా. పెండ్లి మీరంటే చేసుకున్నా. మా ఆయన కువైట్ పోతానంటే పో అన్నా. నాకోసమని నేను ఏమన్నా అడిగినానా అక్కా? ఇది ఒక్కటే కదా అడిగింది." తర్వాత అదే, "సరేలే, బస్సులో నిలబడి ఉంటావు. పెట్టేస్తాండా," అంది.

నిజంగానే నిలబడి ఉన్నాను.

మరుసటి సాయంత్రం ఇల్లు చేరేసరికి ముందు వరుస పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని ఉంది. ఊపిరి తీసుకోనివ్వకుండా మొదలుపెట్టింది.

"పిండి నేను పిసుకుతాలే. నువ్వు పో."

"తలుపులన్నీ మూసుకున్నాయి పెద్దమ్మా."

"తట్టినావా, దూరం నుంచే చూసి మూసుండాది అంటాండావా?"

నేను చేతిసంచి అరుగు మీద పెట్టాను.

"నువ్వు లేకుంటే ప్రభువు బల్ల ఎత్తేస్తాడా ఏంది? ఆ గిన్నెలు ఇట్లా తే."

రొట్టె పని మీద ఆమెకు ఎన్నాళ్ల నుంచో కన్నుందని సంఘంలో అందరికీ తెలుసు. ఒకసారి చేతిలోకి పోయిన పని మళ్లీ రాదనీ తెలుసు. లోపల చిన్నగా మండింది. అయినా లేచి, తెల్లగుడ్డ, గ్లాసుల పెట్టె, ద్రాక్ష వడకట్టే బట్ట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. అవి వదిలిన చేతులు ఎంత తేలికయ్యాయో చూసుకుని నాకే సిగ్గేసింది. లోపలికి పోయి చెల్లెలికి ఫోను చేశాను. "సీట్లు లేకుంటే కదిరిలో బస్సు మారుదాం," అన్నాను. అవతల అది ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

అత్త జ్వరం తగ్గింది. మీటింగు జరగలేదు. పులివెందులలో చెల్లెలు బస్సెక్కేటప్పుడు దాని అత్త నా కిటికీ దగ్గరికొచ్చి, "అమ్మాయ్, పిల్లను నీ చేతిలో పెడతాండా. రాతిరి ప్రార్థన మానుకోవద్దండి," అని నాకు చెప్పింది.

బెంగళూరులో ఆ అంగడి మా గుడికంటే పెద్దది. గోడ నిండా బూట్లే. ఒక అమ్మాయి చెల్లెలిని అక్కడే ఒక కదిలే బెల్టు మీద పరిగెత్తించి, దాని కాళ్లు పడే తీరు చూసి బూట్లు తెచ్చింది. నేను ఒక మూల స్టూలు మీద కూర్చుని బ్యాగులు కాపలా కాశాను. చెల్లెలు అద్దం ముందు కొత్త చొక్కాలో అటూ ఇటూ తిరిగి, "ఎట్లుండాది అక్కా?" అంది. "పొడుగు చాలు," అన్నాను. తెలిసినవాళ్ల గుడి గదిలో పడుకునే ముందు ఇద్దరం మోకరించాం. నా ప్రార్థన మధ్యలో ఎక్కడ ఆగిపోయిందో నాకు గుర్తులేదు.

కొత్త చెప్పులు కరుస్తాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. రోజూ ఎవరో ఒకరి పుండుకు కట్టు కట్టే మా చెల్లెలు కొత్త బూట్లతో నేరుగా పరుగుకు పోయింది. చీకటి విడిపోయే వేళకు గేటు దగ్గర వందల మంది ఆడవాళ్లు. పాటలు, మైకు. "పరుగు అయిపోయే గీత కాడ నిలబడక్కా, నేను వచ్చేది చూడు," అని చెప్పి గుంపులో కలిసిపోయింది.

చూడాలనే కాసేపు నిలబడ్డాను. తర్వాత పేవ్‌మెంటు అంచున కూర్చున్నాను. ఒళ్లో దాని చెప్పులు, చున్నీ. ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్లు వస్తున్నారు. ఈ పాటికి ప్రొద్దుటూరులో పిల్లలు చాప మీద కూర్చుని ఉంటారు, పెద్దమ్మ తెల్లగుడ్డ పరుస్తూ ఉంటుంది అనుకున్నాను. ఎండ మెల్లగా మెడ మీదికి వచ్చింది. ఎవరూ నన్ను ఏదీ అడగలేదు.

కళ్లు తెరిచేసరికి మెడలో ఏదో చల్లగా తగిలింది. పతకం. చెల్లెలు పక్కన కూర్చుని, బూట్లు విడిచి, మడమల మీద బొబ్బలు చూసుకుంటోంది.

"చివర్లో బూట్లు చేతిలో పట్టుకుని వచ్చినా అక్కా. నా ఎనక ఇద్దరు ముగ్గురు కంటే లేరు. అయినా గీత దాటినా." తర్వాత నన్ను చూసి పగలబడి నవ్వింది. "నువ్వు నోరు తెర్చుకుని నిద్రపోతాంటివి. ఫోటో తీసినా."

"లేపకూడదా మే? చూడమంటివి కదా."

"లేపుదామనుకుంటి." బొబ్బ మీద మెల్లగా ఊదుకుంది. "నువ్వు నిద్రపోయేది నేనెప్పుడూ చూడలేదు అక్కా. చిన్నప్పటి నుంచీ, నేను లేసేసరికే నువ్వు లేసి ఉంటావు. కూచుని చూస్తాంటి."

ప్రభువు ప్రార్థిస్తుంటే తోటలో ఒక్క గడియ మేలుకొని ఉండలేకపోయిన శిష్యుల గురించి నేను ఎన్ని పాఠాలు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ వాళ్ల మీద కొంచెం కోపం ఉండేది. ఇక ఉండదు.

ఆ ఫోటో చెల్లెలు వాళ్ల అత్తకు పంపింది. అది మా సంఘం గ్రూపులోకి ఎలా వచ్చిందో తెలియదు. మెడలో పతకం, ఒళ్లో చెప్పులు, తెరిచిన నోరు. పరుగెత్తి పరుగెత్తి పడిపోయానని అందరూ నమ్మారు. మరుసటి ఆదివారం సాక్ష్యం కోసం గుడి మొత్తం నా వైపే చూసింది.

లేచి నిలబడ్డాను. "ఆ పతకం నాది కాదు. చెల్లెలిది. ఆమె కాళ్లు బొబ్బలెక్కినా పరుగు ముగించింది. దేవునికి స్తోత్రం. ఆమె గీత దాటేటప్పుడు నేను చూడలేదు. నేను నిద్రపోయాను." ఇంకేదో చెప్పాలనుకున్నాను. బైబిల్లో అలసిపోయి చెట్టు కింద పడుకుని ఇక బతుకు చాలన్న ప్రవక్తకు దేవుడు ముందు ఉపదేశం చేయలేదు, నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. అది చెప్పాలని ఉండింది. కానీ వారమంతా బస్సుల్లో నిలబడి కాళ్లు నొప్పులు. కూర్చున్నాను.

"బాగా పట్టిందా మే నిద్ర?" అంది ముందు వరుస నుంచి పెద్దమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పట్టింది పెద్దమ్మా."

ఆరాధన అయ్యాక పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. పోయిన వారం రొట్టెలో ఉప్పు పడిందట. పెద్దమ్మ చేయి అలవాటుగా వేసేసిందట. "వచ్చే నెల నుంచి మళ్లీ నువ్వే చెయ్యక్కా," అంది.

పెద్దమ్మ గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ మా వైపే చెవి పెట్టి ఉంది. నా ఒళ్లంతా వద్దంటోంది, నోరు మాత్రం అలవాటుగా సరేననబోయింది.

"వద్దు," అన్నాను. "ఆమెనే చెయ్యనీ. ఉప్పు డబ్బా దూరంగా పెడితే చాలు."