సాసరులో నిమ్మచెక్కలు

గవర్నర్‌పేటలో ముక్కు, చెవి, గొంతు చూసే మా డాక్టరుగారు మొన్న ఏకాదశినాడు పోయారు. "నిద్రలోనేనండీ, కంకిపాడులో వాళ్ళింట్లో" అని ఆయన దగ్గర పనిచేసే నర్సమ్మ ఫోన్ చేసింది. అప్పటికి నేను పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా ఉపవాసమున్నాను. ఆ ఒక్కటే చేయొద్దని ఆయన నన్ను అడిగారు.

ఆరేళ్ళ కిందట, ముద్ద నోట్లో పెడితే చాలు, దవడ కింద ఉసిరికాయంత వాపు లేచేది. భవానీపురంలో మా వీధివాళ్ళు గవదబిళ్ళలన్నారు. నేను క్యాన్సరేమోనని భయపడి, వాపు ఎవరి కంటా పడకుండా అందరితో కలిసి తినడం మానేశాను. చెల్లెలు కనిపెట్టి నన్ను ఆయన దగ్గరికి లాక్కెళ్ళింది.

ఆయన బల్లమీద ఎప్పుడూ సాసరులో నిమ్మచెక్కలుండేవి. ఒకటి చప్పరించమని ఇచ్చి, నా దవడకేసే చూస్తూ కూర్చున్నారు. వాపు లేచింది. నాలుక కింద వేలితో తడిమారు.

"రాయమ్మా. లాలాజలం వచ్చే దారికి అడ్డం పడింది. మీరు భయపడుతున్నది కాదు."

"మా అక్క నోరు విప్పదండీ. లోపల రాళ్ళు దాచుకుందన్నమాట!" అంది చెల్లెలు.

మత్తు సూది వేసి, నాలుక కింద చిన్న గాటు పెట్టి తీశారు. దూదిమీద బియ్యపుగింజంత రాయి.

నీళ్ళు సరిగ్గా తాగుతారా అని అడిగితే ఏకాదశి సంగతి చెప్పాను. తమ్ముడూ చెల్లెలూ చల్లగా ఉండాలని అమ్మ పట్టిన ఉపవాసం. అమ్మ పోయాక నేను అందుకున్నాను.

"అదే కారణమని చెప్పలేను. ఉపవాసం ఉండండమ్మా, నీళ్ళు మాత్రం మానకండి."

సరేనన్నాను. కానీ నీళ్ళు ముట్టని ఉపవాసం మానలేదు.

రెండేళ్ళకు మరో రాయి, ఈసారి లోతుగా. సన్నని గొట్టం పంపి తీశారు. కోప్పడలేదు. "ఇంకోటి వస్తే ఆ లాలాజల గ్రంథినే తీసేయాల్సి రావచ్చు. నీళ్ళు తాగనివ్వమని మీ దేవుడికి నా మాటగా చెప్పండమ్మా" అన్నారు.

ఆ మాటా చెప్పలేదు.

ఆ ఏకాదశి పొద్దునే, కంకిపాడు వెళ్ళేముందు నర్సమ్మను కలుపుకుందామని క్లినిక్ దగ్గర ఆగాను. బల్లమీద సాసరు.

"రాగానే కోసిపెట్టానండీ. తర్వాతే కబురొచ్చింది" అంది.

చూడగానే నా నోట్లో నీళ్ళూరాయి. దవడ కింద, ఆ పాత చోటే, సన్నగా నొప్పి లేచింది. మంచినీళ్ళు అడిగి, నిలబడే గ్లాసెడూ తాగాను.

ఫ్యాను గాలికి, ఆయన కుర్చీ ఎదుట, నిమ్మచెక్కల అంచులు ఎండిపోతున్నాయి.