తలుపు గడియకు మూడు రంధ్రాలు

నా చిన్నప్పుడు మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మాకు సొంతిల్లు లేదని అందరికంటే ఎక్కువ బాధపడింది మా అమ్మ. బజారులో నాన్నకు ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. దాని వెనకే రెండు అద్దె గదుల్లో మా కాపురం. పొద్దున లేస్తే మేకుల డబ్బాలు దాటుకుంటూ వంటింట్లోకి వెళ్ళాలి. అప్పుడప్పుడే ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చింది, ఏ వీధిలో చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. అమ్మకు మాత్రం దుకాణం బేరాలు వినిపించని ఒక వంటిల్లు చాలు.

నాకు పదేళ్ళప్పుడు, పక్కనే ఉన్న దుర్గాపూర్ వెళ్ళే దారిలో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. గోడలకు తాజాగా సున్నం, తలుపులకు ఆకుపచ్చ రంగు. లోపలికి అడుగుపెడుతూనే అమ్మ పొయ్యి ఎక్కడ పెట్టాలో, బియ్యం డబ్బా ఎక్కడ ఉంచాలో తేల్చేసింది. నాన్న ఇత్తడి గడియలు చూసి మురిసిపోయాడు. అవి మా దుకాణంలో కొన్నవేనని ఇంటి యజమాని చెప్పాడు మరి. ఇక మా నాన్నకు ఆ ఇంట్లో లోపం కనిపిస్తుందా!

మాతో మా తాతయ్య, అంటే అమ్మవాళ్ళ నాన్న, కూడా వచ్చాడు. బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా చెక్క దిమ్మెలు నిలబెట్టే పని ఏళ్ళ తరబడి చేసి రిటైరైన మనిషి. ఆయన గోడల వైపు చూడనే లేదు. నన్ను దగ్గరికి పిలిచి ఒక ఆట చెప్పాడు. "ప్రతి తలుపు ఏసి గడియ పెట్టు బిడ్డా. గడియ దూరే రంధ్రం ఒక్కటే ఉన్నదా, పక్కన పూడ్చినయి గిట్ల ఉన్నయా, చూసి చెప్పు."

నేను జడలోంచి సైడుపిన్ను తీసుకుని బయల్దేరాను. ద్వారబంధం మీద రంగు కాస్త ఉబ్బెత్తుగా ఉన్నచోటల్లా గుచ్చాను. లప్పం రాలి పాత రంధ్రాలు బయటపడ్డాయి. వంటింటి తలుపు దగ్గర మూడున్నాయి, ఒకదాని కింద ఒకటి. పరీక్షలో ఫస్టొచ్చినంత గర్వంగా అందరి ముందూ గట్టిగా చెప్పాను. యజమాని తల దించుకున్నాడు.

"వానలకు చెక్క ఉబ్బుతది మామా," అన్నాడు నాన్న.

"ఉబ్బితే తలుపు బిగుసుకుంటది, ఎండకాలం మళ్ళ సదురుకుంటది. గిట్ల మూడుసార్లు కిందికి దిగుతదా అల్లుడు?"

ఇల్లు ఒరుగుతోందన్నమాట. ఒరిగినప్పుడల్లా గడియ పడక, యజమాని కొత్త రంధ్రం తొలిపించి పాతది పూడ్పించాడు. జీవితమంతా గడియలు అమ్మిన మా నాన్న కొత్త ఇత్తడిని చూశాడు గానీ దాని పక్కనున్న చెక్కను చూడలేదు.

మర్నాడు తాతయ్య నాన్నను గని సర్వే ఆఫీసుకు తీసుకెళ్ళాడు. యజమానిని కూడా వెంటపెట్టుకునే వెళ్ళాడు, ఆయన పిల్లలు ఆ ఇంట్లోనే కదా పడుకునేది. పాత మ్యాప్ పరిచి చూస్తే, సరిగ్గా ఆ ఇళ్ళ వరుస కింద బొగ్గు తవ్వి వదిలేసిన సొరంగాలున్నాయి.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. పాడుచేసింది నేనే అనుకుని నేనూ ఏడ్చాను. అప్పుడు తాతయ్య నాకొక మాట చెప్పాడు. ఆ ఇంటి కింద గనిలో తన పడుచుదనంలో తానే పనిచేశాడట. చూడకముందే ఆయనకు అనుమానం ఉందట.

"మరి మొదాలే ఎందుకు చెప్పలే తాతా?"

"నేను చెప్తే ముసలోని భయమంటరు బిడ్డా. నువ్వు కండ్లతోని చూసి చెప్పినవ్. ఇగ ఎవ్వరు కాదంటరు?"

ఆ ఇల్లు తర్వాత కూలిందా అని అందరూ అడుగుతారు. నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. వాన పడ్డప్పుడల్లా మా అమ్మ గోడల వైపు చూస్తూ కూర్చునే బతుకు తప్పింది, నాకది చాలు.

రెండేళ్ళకు ఊరికి అవతలి వైపు ఇంకో ఇల్లు అమ్మకానికి ఉందని నాన్న కబురు తెచ్చాడు. చూసొద్దాం పద అంటే అమ్మ కదల్లేదు. "ఇల్లు చూసినంక మనసు ఆగదు. ముందుగాల మ్యాప్ చూద్దాం," అంది. మ్యాప్ చదవడం రాకపోయినా వచ్చీరాని మరాఠీలో ఆ గని సర్వే ఆఫీసు గుమాస్తాను అడిగి, ఇంటి స్థలం మీద ఆయన చేతే వేలు పెట్టించి, కింద తవ్వకాల్లేవని తేలాకే ఆ గడప తొక్కింది. చివరిదాకా ఆ ఇంట్లోనే వండింది.

ఇల్లనే కాదు, ఉద్యోగమైనా, పిల్లల సంబంధమైనా, నేను ముందు విచారించుకుంటాను, తర్వాతే వెళ్ళి చూస్తాను. పిరికిదాన్నని మా వాళ్ళు ఆటపట్టిస్తారు. పొయ్యి ముందు మా అమ్మ ఏడ్వడం వాళ్ళు చూడలేదు.