పగటిపూట మూసిన తలుపు

కిడ్నీలు రెండూ పనిచేయడం లేదని తేలాక డాక్టరమ్మ నా ముందు రెండు దారులు పెట్టింది. ఒకటి, వారానికి మూడుసార్లు కంప్లి నుంచి బళ్లారి ఆసుపత్రికి పోయి మిషన్ పక్కన పడుకోవడం. రక్తం శుభ్రం చేసే పనంతా వాళ్లే చూసుకుంటారు. రెండోది ఇంట్లోనే. పొట్టకు పెట్టిన సన్నని గొట్టం గుండా మందునీళ్లు నింపుకొని, కొన్ని గంటలాగి దించేయాలి. అది రోజూ, నాలుగేసిసార్లు.

"మడికి నీళ్లు కట్టి ఇడిసినట్లే గదా," అన్నాడు మా ఆయన. వరి రైతు మరి! "ఇంట్లోనే చేసుకుందాం."

నాకూ అదే నచ్చింది. నాట్లప్పుడు నేను గట్టు మీద లేకపోతే మా మడిలో పని సాగదని నా గట్టి నమ్మకం. కానీ పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ మిషనే గతి అని డాక్టరమ్మ బెదిరించింది. అందుకని మందునీళ్ల సంచి మార్చేటప్పుడు తలుపు మూయాలి, ఫ్యాను ఆపాలి, ఇద్దరం మాస్కులు కట్టుకోవాలి.

మా ఇంటి తలుపు పగలు మూసిన పాపాన ఎప్పుడూ పోలేదు. ఇంకేముంది! పక్కింటి అక్క వీధంతా వినేలా అరిచింది: "ఏందమ్మే, మనవళ్లు పుట్టినాక పట్టపగలు తలుపేసుకుంటాండారే!"

"కుళ్లుకోవాకక్కా, నీ మొగునికీ నేర్పిస్తాంలే," అన్నాను లోపలినుంచే. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

దించిన నీళ్ల సంచిని అచ్చుకాగితం మీద పెడితే అక్షరాలు తేటగా కనబడాలి. మసకేస్తే ఇన్ఫెక్షన్ వచ్చినట్టే. మా ఆయన సంచిని పేపరు మీద పెట్టి, కనబడిన వార్తనల్లా పైకి చదివేవాడు. నోట్లో నాలుక లేని మనిషి నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నాకు భలే సంబరంగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే పొట్టలో ఒకటే మంట. ఇన్ఫెక్షనే అనుకున్నాను. నీళ్లు దించాం గానీ కళ్లు తెరవడానికి భయం.

"నేను సూడను. నువ్వే సూడు," అన్నాను.

ఆరోజు పేపరు వానకు తడిసిపోయింది. ఆయన బీరువాలోంచి మా పెండ్లిపత్రిక తీసి, దానిమీద సంచి పెట్టాడు. తర్వాత నా పేరు పలికాడు. మా ఇళ్లల్లో మొగుడు పెళ్లాన్ని పేరుతో పిలవడు. ఇన్నేళ్లూ నేను ఆయనకు "మేయ్" మాత్రమే.

"ఏందీ?" అన్నాను, కళ్లు తెరిచి.

"ఈడ నీ పేరు సుబ్బరంగా కనపడతాండాది. నీళ్లు తేటగుండాయి. నిన్న నాకు తెలీకుండా మిరపకాయ బజ్జీలు తింటివి గదా, దాని మంటే అది."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"బజ్జీల సంగతి తర్వాత," అన్నాను. "ఆ పేరు ఇంకోసారి సదువు."

చదివాడు.