ముప్ఫై లేత పసుపు సంచులు

మా అత్తయ్యకు ముక్కు మీద కోపం. ఈ మాట నేనంటే మా ఆయన పకపకా నవ్వుతాడు, నేనేదో శాంతమూర్తిని కాదుగా! ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే పని మీద పద్నాలుగేళ్ళుగా ఎలా నెట్టుకొస్తున్నామో మాకే తెలియదు. వెనక రేకుల షెడ్డులో ఆవిడ గుడ్డకు రంగు వేస్తుంది, ముందు గదిలో కిటికీ పక్కన మిషను మీద నేను కుడతాను. దిండు గలేబులు, చేతి సంచులు, టేబుల్ గుడ్డలు.

ఆవిడ రంగుకి కొలతల్లేవు. నీళ్ళు కాగుతుంటే చిటికెడు పొడి, గుప్పెడు ఉప్పు, కర్రతో గుడ్డ పైకెత్తి ఒక చూపు, అంతే. "ఎక్కడైనా రాసిపెట్టండి అత్తయ్యా" అంటే, "కళ్ళున్నవాళ్ళకి కాగితాలెందుకే?" అనేది. నిజం చెప్పొద్దూ, ఆ కళ్ళకి దండం పెట్టాల్సిందే. ఎప్పుడో ఆరు నెలల కిందట వేసిన రంగుని నమూనా ముక్క చూడకుండా మళ్ళీ దించేసేది.

అలాంటి మనిషి చేతిలో రెండేళ్ళుగా రంగులు ముదురుతూ వచ్చాయి. మొదట నేనే పొరబడ్డాననుకున్నాను. నీలం నల్లబడింది. లేత రంగులు లేతగా రావడం మానేశాయి. ఒక వారం వేసిన గలేబుకి పై వారం వేసింది జత కుదిరేది కాదు. కుప్పంతా తిరగేసి, ఎలాగోలా జతలు చేసి, కొనేవాళ్ళకి "ఈసారి కొత్త రంగండీ" అని కోతలు కోసేదాన్ని.

ఆవిడతో ఎందుకు చెప్పలేదంటారా? భయం. దానికి తోడు ఆ సూది ఒకటి. పోయిన ఏడాది నుంచి ఆవిడ కళ్ళజోడు పక్కన పడేసింది. జోడు లేకుండానే సూదిలో దారం ఎక్కించి, "చూశావా? నాకు చూపు పెరుగుతోంది, నీకు తరుగుతోంది" అని నన్ను ఆడిపోసుకునేది. సూది బెజ్జం కనిపించే మనిషిని పట్టుకుని మీకు రంగు కనిపించడం లేదని ఎలా అనడం?

ఇంతలో పిల్లల బడి టీచరమ్మ వచ్చింది. బడి తెరిచేలోపు ముప్ఫై చిన్న సంచులు కావాలంది, లేత పసుపువి. బాగుంటే ఏటా మా దగ్గరే తీసుకుంటానంది. మర్నాడు పొద్దున షెడ్డులోకి తొంగిచూశాను. గుడ్డ చక్కగా వెన్నలా ఉంది. హమ్మయ్య అనుకుని వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. గంట తర్వాత వచ్చి చూస్తే అదే గుడ్డ మళ్ళీ తొట్టిలో ఉంది, చిక్కటి పసుపుగా.

"ఇదేమిటత్తయ్యా?"

"పట్టలేదే పాడుగుడ్డ, తెల్లగానే ఉంది. మూడోసారి ముంచుతున్నా."

ఊరుకోవచ్చుగా! "తెల్లగా ఉందా? ఎవరి కళ్ళకి?" అనేశాను. నోరు జారాక ఇక ఆగుతుందా? నల్లబడ్డ నీలం, కుదరని జతలు, నా అబద్ధాలు, రెండేళ్ళదీ ఒక్కసారిగా వెళ్ళగక్కాను. అత్తయ్య కర్ర గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు షెడ్డు వైపే రాలేదు. "నీ కళ్ళు బాగున్నాయిగా, నువ్వే వేసుకో" అంది. వేశాను. గజ్జి పట్టినట్టు మచ్చలు మచ్చలుగా వచ్చింది. దండెం పక్కనుంచి పోతూ ఆవిడ ఉండబట్టలేక, "పొడిగుడ్డ ముంచుతారటే? ముందు తడపాలి!" అని కసిరింది. అదే సందని, "కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం అత్తయ్యా" అన్నాను. సూదిలో దారం ఎక్కించి చూపించనా అని మొదలుపెట్టింది. మూడు రోజులు బతిమాలితే కదిలింది.

కళ్ళలో శుక్లాలు ముదిరి పసుపు పచ్చబడ్డాయన్నాడు డాక్టరు. పసుపు అద్దంలోంచి చూసేవాళ్ళకి లేత పసుపు ఎలా తెలుస్తుందన్నాడు. దగ్గరి చూపు పెరగడం కూడా వాటివల్లేనట.

"అంటే నాకు సూది కనపడ్డం కూడా జబ్బేనా?" అంది అత్తయ్య. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

ముందు ఒక కంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పి ఇంటికి రాగానే ఆవిడ ఆ మూడుసార్లు ముంచిన గుడ్డ అడిగింది. ఒక కన్ను మూసి చూసింది, రెండోది మూసి చూసింది. తర్వాత బీరువాలో ఉన్న గలేబులన్నీ మంచం మీద పరిచి అలాగే చూసింది.

"ఇవన్నీ నేను వేసినవేనా? చెప్పొద్దటే నాతో?"

"మీకు కోపమొస్తుందని..."

"వస్తుంది! వస్తే? నా పని నాకు దక్కేది కదే!" అని చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మూడు వారాలు గడిచాయి. బడి తెరవడానికి ఇంకో పది రోజులుంది. ఆవిరి తగలకూడదని అత్తయ్యను నల్లద్దాలతో షెడ్డు గుమ్మం బయట కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ చెబుతుంటే నేను తడిపాను, ఉప్పు వేశాను, ముంచాను, కర్రతో ఎత్తి చూపించాను.

"తీసెయ్" అంది.

నేను తీయలేదు. నా కళ్ళకి అది ఇంకా పాలిపోయినట్టే ఉంది. "ఇంకా కాలేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. అయిపోయాను అనుకున్నాను. అత్తయ్య నల్లద్దాలు పైకి తోసి, పాత కన్ను చేత్తో మూసుకుని, కుర్చీలోంచే ముందుకి వంగింది. గుడ్డని పరికించి చూసింది.

"ఉంచు" అంది. "ఇంకో రెండు నిమిషాలు. ఇలాగే చెబుతుండు. నేను తిట్టినా సరే, చెప్పు."

"తిట్లు నాకేం కొత్తా?" అన్నాను.

"సోది ఆపి గుడ్డ తిప్పవే, మచ్చలు పడతాయి!" అని ఆవిడ అరిచింది.